ఏడుచేపల కథయు నాహారశృంఖలయు

తెలుఁగువారిలో నేడుచేపల కథ వినక పెరిగినవా రరుదు. ప్రాంతమును బట్టి కొన్ని భేదము లున్నను కథ యంతట నొక్కటియే. రాజుగారి కొడుకు లేడ్గురు వేఁటకుఁ బోయి యేడుచేపలు తెచ్చి యెండఁబెట్టిరి. అందొక చేప యెండలేదు. ఏల యెండలేదని దాని నడుగఁగా గడ్డిమోపు మీఁద నేరము పెట్టెను. గడ్డిమోపు తన్ను మేయని యావును జూపెను. ఆవు తన్ను మేపని గొల్లవానిని, గొల్లవాఁడు తన కన్నము పెట్టని యవ్వను, అవ్వ యేడ్చుచుఁ బని సాగనీయని పసివానిని, పసివాఁడు తన్నుఁ గుట్టిన చీమను వరుసగాఁ జూపిరి. తుదకుఁ జీమ, తన పుట్టలో వ్రేలు పెట్టినవానిని గుట్టక విడుచుట యెట్లని యెదురు ప్రశ్న వేసెను. దానితో విచారణ ముగిసినది.

లోకమందలి జానపదకథలను వర్గీకరించిన పండితు లిట్టి కథలకుఁ బ్రత్యేకస్థానము నిచ్చిరి. ఫిన్లండుదేశీయుఁడగు ఆంటీ ఆర్నె 1910లో నారంభించి, అమెరికాదేశీయుఁడగు స్టిత్ థామ్సన్ 1928, 1961 సంవత్సరములలోఁ బెంచి, జర్మనీదేశీయుఁడగు హాన్స్ యోర్గ్ ఊతర్ 2004లో సంస్కరించిన కథాసూచికయందు 2000 మొదలు 2100 వఱకుఁ గల సంఖ్యలు శృంఖలాకథలకుఁ గేటాయింపఁబడినవి. ఈ వ్యాసమునకుఁ గథయొక్క పుట్టుక విషయము కాదు. శిశువులకుఁ బ్రకృతిని, అందు ముఖ్యముగా నాహారశృంఖలను, బోధింపఁగోరువారి కీకథయుఁ దెలుఁగుభాషయుఁ జేయఁగల సాయ మెట్టిదో చూపుటయే యిచ్చటి యుద్దేశము.

ఒక ప్రాణిని వేఱొకటి తిని, దానిని మఱియొకటి తిని, యిట్లు బ్రతుకున కాధారమగు శక్తి యొక దేహమునుండి యింకొక దేహమునకు సాఁగిపోవు క్రమమునకు ఆహారశృంఖల యని పేరు. నేఁటి పాఠ్యపుస్తకములు దీనినే ఆహారపు గొలుసనుచున్నవి. ఈ భావము మనకుఁ గ్రొత్త కాదు. చేతులు లేనివి చేతులు గలవానికిని, కాళ్ళు లేనివి నాలుగుకాళ్ళవానికిని, చిన్నవి పెద్దవానికిని జీవనాధారములని భాగవత ప్రథమస్కంధమున నారదుఁడు ధర్మరాజునకుఁ జెప్పును. క్రీ. శ. 9వ శతాబ్దమున బస్రానగరవాసియగు అల్ జాహిజ్ తన జంతుగ్రంథమున నీ విషయమునే ప్రస్తావించెను. అయినను దీనిని శాస్త్రముగా నిలిపినది ఇంగ్లండుదేశీయుఁడగు చార్లెస్ ఎల్టన్ 1927లోఁ బ్రకటించిన ‘యానిమల్ ఎకాలజీ’ యను గ్రంథము. ఏ తావునందైనను బ్రాణులు తిండిచే నొకదానితో నొకటి ముడిపడియుండుననియు, నా గొలుసున సామాన్యముగ నాలుగైదు లంకెలకు మించి యుండవనియు, పైకిఁ బోయినకొలఁది ప్రాణుల సంఖ్య తఱుగుననియు నతఁడు నిరూపించెను.

గొలుసను రూపము మన సాహిత్యశాస్త్రమునకును జిరపరిచితమైనదే. ఆలంకారికులు శృంఖలామూలకములని యొక తెగ నలంకారములను వేఱుచేసిరి. కారణమాల, ఏకావళి, మాలాదీపకము, సారము అనునవి యందుఁ జేరును. ముందు చెప్పినది తరువాతిదానికిఁ గారణ మగుచుఁ బోయినచోఁ గారణమాల యగును. ఏడుచేపల కథ యీ కారణమాలను తుదినుండి మొదటికిఁ ద్రిప్పి చెప్పిన తీరున నుండును. శబ్దాలంకారములలో ముక్తపదగ్రస్తము మఱింత సన్నిహితము. ఒక పాదము తుద విడిచిన పదమును దరువాతి పాదము మొదట నందుకొనును. గ్రస్తమనఁగా మ్రింగఁబడినది యని యర్థము. మిడుతను మ్రింగిన కప్ప, కప్పను మ్రింగిన పాము, పామును బట్టిన గద్ద యను వరుసకు నింతకంటెఁ దగిన పేరు దొరకదు. ఎవ్వరి నోట విడువఁబడినది వారి వెనుకవారి నోటఁ జిక్కుచునే యుండును గదా.

అలంకారమున కంటెను వ్యాకరణము చేయు సాయము పెద్దది. ఆహారశృంఖలను బటముగా గీయునపుడు బాణపుగుర్తును దినఁబడుదానినుండి తినుదానివైపునకుఁ బెట్టవలెను. ఆ గుర్తు శక్తి పోవు దిక్కును దెలుపును. పిల్లలు పలుమాఱు దీనిని దలక్రిందు చేయుదురు. పాము కప్పమీఁదికి దుముకును గావున బాణము పామునుండి కప్పవైపునకుఁ బోవలయునని వారి తలంపు. తెలుఁగు శిశువున కీ చిక్కు తీర్చుటకుఁ దన మాటయే చాలును. మన భాషలోఁ గ్రియాజన్యవిశేషణము విశేష్యమునకు ముందు నిలుచును. అందుచే “గడ్డిని తిన్న మిడుతను తిన్న కప్పను తిన్న పామును తిన్న గద్ద” అని పిల్లలు నవ్వుచు నొక్కయూపిరిలోఁ జెప్పఁగలరు. వాక్యము గడ్డితో మొదలై గద్దతో ముగియును. శక్తి నడచిన త్రోవయు నదియే. ఇంగ్లీషున నిదే భావమును జెప్పఁబోయినచో వాక్యము గద్దతో మొదలిడి గడ్డివైపునకు వెనుకకు నడచును. మాట వరుసయు బాణపు వరుసయు నొక్కటే యగుట తెలుఁగు బాలున కప్రయత్నముగా లభించిన సంపద. ఉపాధ్యాయుఁడు బాణము గీయుటకు ముందు వాక్యమును బెంచు నాట నాడించినచో పటములోఁ దప్పు దొరలదు.

ఇఁకఁ గథను బరీక్షింతము. అందలి లంకె లన్నియు నాహారపు లంకెలు కావు. ఆవునకును గడ్డికిని గలది తిండి లంకె. గొల్లవానికిని నవ్వ పెట్టవలసిన యన్నమునకును గలదియుఁ దిండి లంకెయే. చేపకును గడ్డిమోపునకును గలది యడ్డు మాత్రమే. పసివాని యేడ్పు అవ్వ పనికిఁ దగిలిన యడ్డు. చీమ పసివానిని గుట్టినదే కాని తినలేదు. కావున కథ చెప్పిన పిదప, ఏవి తిండి లంకెలు, ఏవి యడ్డు లంకెలు అని పిల్లలచేతనే వేఱుచేయింపవలెను. ఇది వారి కాటవలె నుండును. ఆహారశృంఖలయొక్క లక్షణ మిందుననే స్పష్టపడును. తినుట యున్నచోటనే యీ గొలుసు సాఁగును. అడ్డుపడుటయుఁ గుట్టుటయు వేఱు సంబంధములు.

అంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి గలదు. కథలోని నష్టము చీమపుట్టయొద్ద మొదలై రాజుగారి చేపవఱకు వచ్చినది. నడుమనున్న వా రెవ్వరును దుర్మార్గులు కారు. ఒక్కచోట వరుస తప్పఁగా నందఱి పనియుఁ దప్పినది. కడపట దొరికిన చీమను దోషిగా నెంచువారు కథను సగమే వినిరనవలెను. తొలి తప్పు చీమది కాదు. పుట్టలో వ్రేలు పెట్టినది మనుష్యశిశువు. చీమ యడిగిన ప్రశ్నకుఁ గథలో నెవ్వరును సమాధానము చెప్పలేదు. ప్రకృతిబోధ యంతయు నా ప్రశ్నయొద్దనే యారంభింపవలెను.

గొలుసునకు మొదలెచ్చట? కథ గడ్డిమోపువఱకుఁ జూపును. గడ్డికిఁ దిండి యేదని యడిగినచో పిల్లలు మన్ననియే చెప్పుదురు. 17వ శతాబ్దమున వాన్ హెల్మాంట్ అను ఫ్లెమిష్ పండితుఁ డీ యభిప్రాయమును దూఁచి చూచెను. 200 పౌనుల యెండుమట్టిలో 5 పౌనుల విల్లో మొక్కను నాటి, యైదేండ్లు వాననీరు మాత్రమే పోసెను. చెట్టు 164 పౌనులు పెరిగినది. మన్ను తఱిగినది 2 ఔన్సులే. అదంతయు నీటివలన వచ్చినదని యతఁ డనుకొనెను. ఆకులు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, నీటితోఁ గలిపి, సూర్యరశ్మి బలముచేఁ దమ యాహారమును దామే చేసికొనునని తరువాతివారు తేల్చిరి. ఏడుచేపల కథలో నెవ్వరును బేరెత్తని పాత్ర యొకటి గలదు, అది యెండ. చేప నెండింపవలసినదియు, నడ్డువచ్చిన గడ్డిని బెంచినదియు నదియే. ఈ సంగతిని బిల్లలు తామై కనుఁగొనునట్లు చేయఁగల యుపాధ్యాయుఁడు ధన్యుఁడు.

మొదటిలంకె యెంత పెద్దదో పైలంకె యంత చిన్నది. అమెరికాదేశీయుఁడగు రేమండ్ లిండెమన్ 1942లోఁ బ్రకటితమైన వ్యాసమున, ఒక మెట్టునుండి పైమెట్టునకుఁ బోవునపుడు శక్తిలో నధికభాగము ప్రాణుల యూపిరికిని, నడకకును, వేఁడికిని వ్యయమైపోవునని లెక్కలతోఁ జూపెను. స్థూలముగఁ బదవవంతు మాత్రమే పైకిఁ జేరునని చెప్పుట వాడుక. స్థలమును బట్టి యీపాలు హెచ్చుతగ్గుగ నుండును. గడ్డిలో 1000 పాళ్ళున్నచో మిడుతలకు 100, కప్పలకు 10, పాములకు 1 పాలు చేరును. ఒక చేటెఁడు బియ్యము తెచ్చి వేయి గింజలు లెక్కించి, పదవవంతు చొప్పున మూఁడు కుప్పలు ప్రక్కప్రక్కఁ బోయించినచో నీ లెక్క యెనిమిదేండ్ల బాలునకుఁ గన్నులకే కనఁబడును. ఊరికిఁ గప్ప లన్ని యుండి గద్ద లన్ని లేకుండుటకుఁ గారణమును వాఁడే చెప్పును.

ఇచ్చట నొక జాగ్రత్త యవసరము. ఆహారశృంఖలను మత్స్యన్యాయముగా బోధింపరాదు. పెద్దచేప చిన్నచేపను మ్రింగుట యను నీ న్యాయమును మహాభారత శాంతిపర్వమును, కౌటిల్యుని యర్థశాస్త్రమును రాజు లేని దేశమందలి దుస్స్థితిని దెలుపుటకే వాడినవి. బలవంతుఁడు దుర్బలునిఁ దినుటయే సృష్టిధర్మమని పిల్లవాని మనస్సున నాఁటుకొన్నచో బడిలోఁ దనకంటెఁ జిన్నవానిపై దాని ఫలము గనఁబడును. శాస్త్రము చెప్పునది వేఱు. పైనున్న గద్దయే యందఱికంటెఁ బరాధీనము. గడ్డి గద్ద లేకున్నను గొంతకాలము పెరుగును. గడ్డి లేనిచో గద్ద నిలువదు. అట్లే పామును గ్రూరమనియు, గప్పను నసహ్యమనియుఁ జెప్పు నలవాటును మానవలెను. చిన్నయసూరి 1853లోఁ బ్రకటించిన నీతిచంద్రికయందు లఘుపతనకమను కాకి చెలిమి కోరఁగా, తినుదానికిని దినఁబడుదానికిని మైత్రి యెట్లు పొసఁగునని హిరణ్యకమను నెలుక శంకించును. కథలో మైత్రి కుదిరినది, నీతికథ కది తగును. ఎలుకయొక్క శంక మాత్రము ప్రకృతిశాస్త్రమునకుఁ దగును. రెండింటిని వేఱుగాఁ జూపినచో రెండును జక్కఁగా నర్థమగును.

నిజమునకుఁ బ్రకృతిలో నొంటిగొలుసు లేదు. వరిచేనిలో మిడుతను గప్పయుఁ దినును, కొంగయుఁ దినును. ఎలుకను జెఱ్ఱిపోతును బట్టును, గుడ్లగూబయుఁ బట్టును. కప్ప మిడుతనే కాక దోమను, బురుగును గూడఁ దినును. ఆవు మేయుచు నడచునపుడు గడ్డినుండి లేచు పురుగులకై తెల్లకొంగలు దానివెంటఁ దిరుగును. పెక్కు గొలుసులు కలిసి వల యగును. ఒక పోగు తెగినంత మాత్రమున వల చినుఁగదు. ఒక్కొక్కటిగాఁ దెగుచుఁబోయినచో నొకనాఁడు చేప జాఱిపోవునంత కంత యేర్పడును.

పోగులు తెగుట యూహ కాదు. వరిమళ్ళలోని పెద్దకప్పలను బట్టి వాని తొడలను విదేశములకుఁ బంపు వ్యాపారము భారతదేశమున దశాబ్దములు సాఁగి 1987లో నిషేధింపఁబడినది. కప్పలు తఱిగినచోఁ బురుగులు పెరుగుననియు, వానిని జంపుటకు మందులు చల్లవలసి వచ్చుననియు నాఁడు చెప్పిన కారణములలో ముఖ్యమైనవి. పుట్టలో వ్రేలు పెట్టుట యన నిదియే.

రెండవ యుదాహరణ మింకను బాధాకరము. రామాయణకథ విన్న ప్రతిబాలుఁడు జటాయువును, సంపాతిని నెఱుఁగును. ఊరి పొలిమేరను జచ్చిన పశువుచుట్టు మూఁగు రాబందులఁ జూచిన బాలుఁడు మాత్రము నేఁ డరుదు. 1990వ దశకమున నీ పక్షులు దేశమంతట విపరీతముగాఁ దఱిగిపోయెను. తెల్లవీపు రాబందులలో నూటికిఁ దొంబదితొమ్మిదికి మించి నశించినవి. పశువుల నొప్పి తగ్గించుటకు వాడిన డైక్లోఫెనాక్ అను మందు చచ్చిన పశువు మాంసముతోఁ గడుపున కెక్కి, రాబందుల మూత్రపిండములను జెఱచుచున్నదని 2004లోఁ దేలినది. పశువులకై యామందు తయారుచేయుటను భారతప్రభుత్వము 2006లో నిషేధించెను. ఇచ్చట వ్రేలు పెట్టినవారు క్రూరులు కారు. నోరులేని పశువు బాధ తీర్పఁగోరినవారు. దయ గలవానికిని గొలుసు తెలియవలెననుట కింతకంటె నిదర్శన మేల? కళేబరములు కుళ్ళుచుఁ బడియుండెను, ఊరకుక్కలు పెరిగెను. సంఖ్యలు మరల పెరుగుటకుఁ జిరకాలము పట్టును, ఏలయన రాబందు సామాన్యముగ నేఁడాదికి నొక్క గ్రుడ్డే పెట్టును.

రాబందు మనలను గొలుసు తుదకుఁ దెచ్చినది. పటములలోఁ బెక్కు గద్దతో ముగియును. గద్ద చచ్చిన తరువాత? ఈ ప్రశ్న పిల్లలు తప్పక యడుగుదురు. చీమలు, చెదలు, వానపాములు, బూజులు, కంటికిఁ గనరాని సూక్ష్మజీవులు దానిని విడఁగొట్టి మన్ను చేయును. ఆ మన్నునుండి గడ్డి లవణములను గ్రహించును. మన భాషలో ఎరువు అను మాటకు రెండర్థములు గలవు. చేనికి వేయునది యెరువు. మరల నిచ్చెదనని తెచ్చుకొన్న పరులసొమ్మును ఎరువే. రెండును వేర్వేఱు పదములే యనుకొన్నను శిశుబోధకు నీ కలయిక యమూల్యము. ప్రతిప్రాణి దేహమును మంటినుండి తెచ్చుకొన్న యెరువుసొమ్ము. అది యెరువుగానే మంటికిఁ దిరిగిపోవును. శక్తి మాత్రము మరలి రాదు. దానిని సూర్యుఁడు దినదినమును గ్రొత్తగాఁ బంపవలెను. తిరిగివచ్చునది పదార్థము, తిరిగిరానిది శక్తి యను నీభేదము చిన్నతనముననే నాఁటుకొన్నచోఁ బైతరగతుల శాస్త్రము సులభమగును.

పరిభాషనుగూర్చి యొకమాట. పాఠ్యపుస్తకములు మొక్కలను ఉత్పత్తిదారులనియు, జంతువులను వినియోగదారులనియు, సూక్ష్మజీవులను విచ్ఛిన్నకారులనియుఁ బిలుచుచున్నవి. ఇవి శాస్త్రమున నిలిచిన మాటలు. పెద్దతరగతులలో వానిని విడువఁ బనిలేదు. కాని యాఱేండ్ల శిశువునకు ఉత్పత్తిదారుఁడనఁగా మిల్లును, వినియోగదారుఁడనఁగా నంగడియుఁ దోఁచును. మేత, ఎఱ, ఎరువు అను మూఁడు మాటలు వానికిఁ దెలిసినవే. గడ్డి మేత, కప్ప యెఱ, ఆకుకుళ్ళు ఎరువు. ఈ మూఁటితో గొలుసు నంతటిని జెప్పవచ్చును. పెద్దమాటలను వీనిపైఁ దరువాతఁ దొడుగవచ్చును.

బోధనక్రమ మీ తెఱఁగున నుండవచ్చును. అయిదాఱేండ్లవారికిఁ గథయు, వాక్యమును బెంచు నాటయుఁ జాలును. ఏడెనిమిదేండ్లవారిని వలయముగా నిలిపి, యొక్కొక్కనికి వరి, మిడుత, కప్ప, కొంగ, పాము, గద్ద, వానపాము, ఎండ యని పేళ్ళు పెట్టి, తిండి లంకె యున్నవారి నడుమ దారము పట్టింపవలెను. తరువాత కప్పను దారము విడువుమని చెప్పినచో, ఎవరిచేతి దారము సడలినదో వారే చూతురు. తొమ్మిది పదేండ్లవారు బడిప్రక్క గుంటలో నరఁటియాకు, కాగితము, ప్లాస్టిక్ ముక్క పూడ్చి, రెండు నెలలకుఁ ద్రవ్వి, ఏది మన్నుచే మ్రింగఁబడినదో, ఏది మిగిలినదో వ్రాసికొనవలెను. చీమలబారును జూచుటకు వ్రేలు పెట్టనక్కఱలేదు. కొంతసేపు కూర్చుండినఁ జాలును. 1991లో భారత సర్వోన్నత న్యాయస్థానము పర్యావరణము పాఠ్యాంశము కావలెనని యాదేశించినది. పేళ్ళు వల్లించుటచే నా యాదేశము నెఱవేఱదు.

మన పరిషత్తులకును నిందొక పని గలదు. ఏడుచేపల కథకుఁ జిల్లాకొక పాఠాంతరము గలదు. ఆవునకు బదులు వేఱొక పశువు, అవ్వకు బదులు తల్లి, గొల్లవానికి బదులు పాలేరు వచ్చు పాఠములు వినఁబడుచున్నవి. వీనిని వృద్ధుల నోటినుండి యున్నవి యున్నట్లు వ్రాసికొని, ఏయూర నేప్రాణి కథలోఁ జేరినదో గుర్తింపవలెను. అది కథాశాస్త్రమునకే కాక, ఆయూరి చెఱువు, బీడు, పశుసంపద యొకనాఁ డెట్లుండెనో తెలుపు సాక్ష్యము గూడ నగును. చెప్పువారు తఱుగుచున్నారు, కథలోని ప్రాణులును దఱుగుచున్నవి. సేకరణమున కాలస్యము చేయరాదు.